వెళ్ళొస్తానని చెప్పని చేద

ఈమెయిలు వచ్చిందో లేదో చూసుకోవడానికి మనిషి స్నానం చేసి, తల దువ్వుకుని, కుర్చీ లాక్కుని కూర్చునే కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు జేబులో ఫోను మాటిమాటికీ గుయ్యిమంటే విసుక్కుంటున్నాం గాని, అప్పట్లో ఉత్తరం మన దగ్గరికి వచ్చేది కాదు, మనమే వెళ్ళి తెచ్చుకోవాలి. సర్వర్ అనే పెద్ద నూతిలో ఎక్కడో మన ఉత్తరాలు పడి ఉండేవి. ఫోను లైను అనే తాడు కట్టి ఒక ప్రోగ్రామును అందులోకి దించితే, అది వాటిని తోడుకొచ్చేది. అలా తోడుకొచ్చే ప్రోగ్రాములు లోకంలో చాలా ఉండేవి. వాటిలో ఒకదానికి, చెబితే నమ్మరు గాని, ప్రపంచం మొత్తానికి నేనొక్కణ్ణే దిక్కు. అప్పుడు నేను దేశ రాజధానిలోని బేర్ సరాయ్‌లో, మేడ మీద రేకుల గదిలో ఉంటూ సివిల్ సర్వీసు పరీక్షకు చదువుతున్నాను (చదువుతున్నానని మా నాన్న అనుకునేవాడు. ఆ మాటకొస్తే నేనూ అలాగే అనుకునేవాణ్ణి).

ఆ ప్రోగ్రాము రాసింది ఒక విదేశీ పెద్దమనిషి. ఫొటోలో గడ్డం తప్ప ఇంకేమీ కనిపించేది కాదు కనుక నేను ఆయనకి గడ్డం తాత అని పేరు పెట్టుకున్నాను. తాత దాన్ని రాసి, లోపలి వంటకమంతా బయటపెట్టి, ఎవరైనా ఉచితంగా వాడుకోండి, బాగులేకపోతే మీరే బాగుచేసుకోండి అని లోకానికి వదిలేశాడు. ఓపెన్ సోర్స్ అంటే అంతే. దాని అసలు పేరు పలకడానికి నాకు నోరు తిరిగేది కాదు, నేను చేద అనేవాణ్ణి. ఒకనాడు తాత వాడకందార్లందరికీ కలిపి ఓ చిన్న ఉత్తరం రాశాడు. తనిక తేనెటీగలు పెంచుకుంటాడట, చేదని ఎవరైనా చూసుకుంటారా అని. నేను చూసుకుంటానని రాశాను. రెండో మనిషి చెయ్యెత్తలేదు. ఎన్నిక ఏకగ్రీవం. మర్నాడు టీ కొట్టు దగ్గర మాత్రం కథ కాస్త వేరుగా చెప్పాను. గడ్డం తాత దేశదేశాల్లో వెతికి వెతికి, చివరికి నా పేరు చూసి కళ్ళు తుడుచుకున్నాడని. ఆ దెబ్బకి మెస్సులో భయ్యా వారం రోజులపాటు నా రొట్టెలకి రెండువైపులా నెయ్యి రాశాడు (రాసింది డాల్డా అని మిగతావాళ్ళు అన్నారు. అసూయ).

అధికారం చేతికొచ్చాక ఊరికే ఉంటానా? కొత్తగా అద్దెకు దిగినవాడు ముందు వంటగదిలో గట్టు మీదవన్నీ ఇటువి అటూ అటువి ఇటూ మార్చినట్టు, చేద లోపలికి వెళ్ళి ఒక మహా సంస్కరణ చేశాను. తాత రాసిన పద్ధతి ప్రకారం అది సర్వర్ దగ్గరికి వెళ్ళేది, ఉత్తరాలు తీసుకునేది, సెలవు చెప్పి లైను వదిలేది, ఆ తర్వాత ఇంటికొచ్చి తీరిగ్గా వాటిని ఎవరివి వాళ్ళ అరల్లో సర్దేది. ఇదేమిటి చాదస్తం అనిపించింది. అక్కడే నిలబడి, అన్నీ సర్దుకుని, మిగిలిపోయినవేమైనా ఉన్నాయేమో మరోసారి చూసుకుని, అప్పుడు సెలవు చెప్పి రావచ్చుగా? ముందు పని, తర్వాత మర్యాదలు. అలా మార్చి, కింద నా పేరు పెద్దక్షరాలతో పెట్టి లోకం మీదికి వదిలాను.

వదిలిన కొన్నాళ్ళకి ఒక ఫిర్యాదు వచ్చింది. ఇలాంటి లోపాల్ని బగ్గులంటారు. ఏ దేశం మనిషో తెలీదు గాని ఎంత మర్యాదగా రాశాడంటే ఆయనకి మర్యాదరావు అని పేరు పెట్టకుండా ఉండలేకపోయాను. "తమ విలువైన సమయాన్ని పాడుచేస్తున్నందుకు మన్నించాలి, పొరపాటు నాదే అయ్యుంటుంది, కాని ఒకసారి వచ్చిన ఉత్తరాలే నాకు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి" అని. నేను బేర్ సరాయ్ సైబర్ కెఫేకి వెళ్ళి చేదని పరీక్షించాను. శుభ్రంగా పనిచేసింది. "నా దగ్గర బాగానే ఉంది" అని జవాబిచ్చి ఫిర్యాదు మూసేశాను. ఆయన మళ్ళీ క్షమాపణలతో తెరిచాడు. నేను మళ్ళీ మూశాను. ఇంత వినయంగా రాసేవాడికి నిజంగా కష్టం ఉంటుందని నాకు తోచలేదు.

ఇక మా బాబాయి సంగతి. నాన్నకి తమ్ముడు, కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు, ఊరికి ఆ చివర ద్వారకలో ఒక సొసైటీ ఫ్లాటులో కాపురం. అప్పటికి మెట్రో ఇంకా అటు రాలేదు. ఆదివారం ఆదివారం రెండు బస్సులు మారి నేను వాళ్ళింటికి భోజనానికి వెళ్ళేవాణ్ణి. నా పదవిని మెయింటైనర్ అంటారని చెప్పినప్పుడు బాబాయి కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"మెయింటైనరా? అంటే మా సొసైటీలో లిఫ్టు చూసే వాడి లాగానా?"

"అలాంటిదే గాని, ప్రపంచవ్యాప్తంగా, బాబాయ్."

"జీతం?"

"ఉండదు."

"పెన్షన్?"

"అదీ ఉండదు."

"దీనికి పరీక్షేమీ లేదా?"

"లేదు బాబాయ్."

"అచ్ఛా. అదీ, అందుకే వచ్చింది నీకు."

ఆ మాట మనసులో పెట్టుకుని, ఎలాగైనా ఆయన చేత ఔననిపించుకోవాలని, వాళ్ళ కంప్యూటర్లో ఉన్నవన్నీ పీకేసి చేదని బిగించాను. పిన్ని మధ్యాహ్నంపూట ఆడుకునే పేకాట కూడా ఆ ఊడ్పులో కొట్టుకుపోయింది. "ఉత్తరాలు తెచ్చేది తెచ్చావు, ముక్కలెక్కడ పెట్టావురా?" అని ఆవిడ చాలాకాలం అడిగింది. బాబాయికి మాత్రం చేద నచ్చింది. రోజూ పొద్దున్న ఆఫీసుకి చార్టర్డ్ బస్సు వచ్చేలోపు, విభూతి పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఫోను లైనుకి తగిలించిన మోడెం కీచుమని అరిచేది. దాని అరుపుకి వెనకనున్న ఖాళీ స్థలంలో నెమళ్ళు బదులు పలికేవి (పిన్ని ఇది అబద్ధమంటుంది. ఆవిడ వంటింట్లో ఉండేది, ఆవిడకేం తెలుసు?). అరుపు ఆగి, తెర మీద ఉత్తరాలు ఒక్కొక్కటే దిగుతుంటే బాబాయి "వచ్చేశాయి!" అని కేకేసేవాడు, రైలు స్టేషనులో చుట్టాల్ని చూసినట్టు.

వాళ్ళింట్లో ఫోను లైను ఒకటే, ఫోన్లు రెండు. హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి. బాబాయి "వచ్చేశాయి" అనగానే ఇక లైను ఖాళీ అయిందనుకుని వంటింట్లో పిన్ని ఫోను ఎత్తేది. రోజూ ఆ వేళకి ఘాజియాబాద్ అత్తయ్యతో మాట్లాడకపోతే ఆవిడకి కూర ఉడికేది కాదు. అత్తయ్య అంటే, బాబాయి ప్రాణస్నేహితుడి భార్య. ఆ స్నేహితుణ్ణి పిన్ని అన్నయ్యగారు అనేది కనుక నాకు ఆయన ఘాజియాబాద్ మావయ్య. బాబాయీ మావయ్యా ఒకే రోజున ఒకే మంత్రిత్వశాఖలో చేరారు, ఒకే గదిలో అద్దెకున్నారు, ఒకే కుక్కరులో అన్నం వండుకున్నారు. తర్వాత మావయ్య అండర్ సెక్రటరీ అయ్యారు, బాబాయి సెక్షన్ ఆఫీసరుగానే ఉండిపోయాడు. ఆ విషయం ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోవడమే మంచిదని అందరం అనుకునేవాళ్ళం.

మావయ్యకి ఒక్కతే కూతురు, బుజ్జి. పిన్నికి పిల్లల్లేరు, బుజ్జి సగం బాల్యం పిన్ని ఒళ్ళోనే గడిచింది. తెలుగు బాగా అర్థమవుతుంది గాని నోరు తెరిస్తే హిందీయే. ఆ బుజ్జికి సంబంధం కుదిరింది. మావయ్య బాబాయికి ఈమెయిలు రాశారు. (ఫోనులో చెప్పొచ్చుగా అంటారేమో. ఫోను ఆడవాళ్ళది. పైగా ఇద్దరికీ ఏ శుభకార్యమైనా ఆఫీసు పద్ధతిలో రాసుకుంటేనే ఖాయమైనట్టు.) వచ్చే నెలలో ఒక ఆదివారం నిశ్చితార్థం, మీ ఇద్దరూ శనివారం పొద్దున్నకే వచ్చి పీటల దగ్గర పనంతా నడిపించాలి, కైండ్లీ కన్‌ఫర్మ్. బాబాయి పొంగిపోయి, తప్పకుండా వస్తాంరా అని జవాబిచ్చాడు. పిన్ని ఆ పూటే పట్టుచీర ఎండలో వేసింది.

మర్నాడు పొద్దున్న అదే ఉత్తరం మళ్ళీ వచ్చింది.

మీరైనా నేనైనా అయితే, ఇదేమిటి మళ్ళీ వచ్చిందని తల గోక్కుంటాం. బాబాయి ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన మనిషి. ఆయన లోకంలో ఒకసారి వచ్చిన ఉత్తరం, పాత తేదీతోనే, అక్షరం మారకుండా, రెండోసారి వచ్చిందంటే దానికి అర్థం ఒక్కటే. రిమైండరు. జవాబు రాకపోతే పాత ఉత్తరం నకలు జతచేసి పైవాడు కిందివాడికి పంపేది. సొసైటీ సర్క్యులర్లూ బ్యాంకు ప్రకటనలూ కూడా రెండేసిసార్లు వస్తున్నాయి గాని వాటిని ఆయన పట్టించుకోలేదు, అవి మామూలుగానే చెప్పిందే చెబుతాయి. "మర్చిపోయి ఉంటాడులే" అని, చెప్పాను కదా వస్తున్నాం అని రాశాడు. మూడోసారి వచ్చేసరికి మొహం ఎర్రబడింది. "తమరి రిమైండరు అందినది. విషయం ఇదివరకే తమకు తెలియజేయబడినది" అని రాశాడు. నాలుగోసారికి, "ఈ అంశముపై మరిన్ని ఉత్తరప్రత్యుత్తరములు అనవసరమని తెలియజేయడమైనది."

అటు ఘాజియాబాద్‌లో మావయ్య పరిస్థితి ఊహించండి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒరేయ్ అన్నవాడు ఉన్నట్టుండి తమరు అంటున్నాడు. పాపం ఆయన నిజంగానే కంగారుపడి ఒక్క లైను రాశారు. "ఒంట్లో బాగుందా?"

అది కూడా మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడు మళ్ళీ. ఒంట్లో బాగుందా అని ఒకసారి అడిగితే ఆప్యాయత. వరసగా నాలుగు పొద్దులు, ఆఫీసుకి బయల్దేరే ముందు, కింద అండర్ సెక్రటరీ హోదాతో సహా సంతకం పెట్టి అడిగితే అది ఏమవుతుందో బాబాయి మొహం చూస్తే తెలిసేది. చార్టర్డ్ బస్సులో పక్కవాళ్ళు "క్యా హువా, రావ్ సాబ్?" అని అడిగితే, "నాకు ఒంట్లో బాగుంది!" అని తెలుగులో అరిచాడట.

పరీక్ష వంకతో రెండు ఆదివారాలు ఎగ్గొట్టాను కనుక, నేను ఇవన్నీ విన్నది నిశ్చితార్థానికి వారం ముందు వచ్చిన ఆదివారం నాడు. వెళ్ళేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పిన్ని వంటింట్లో ఫోను పట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడుతోంది. వారం రోజులుగా ఆవిడా అత్తయ్యా ఇద్దరూ కలిసి మొగుళ్ళని కలపడానికి పొద్దున్నే రాయబారాలు నడుపుతున్నారు. ఆవిడ ఫోను పెట్టి హాల్లోకి వచ్చింది.

"వినండి. అన్నయ్యగారు మొదట ఒక్కటే పంపారట, తర్వాత ఒంట్లో బాగుందా అని ఇంకోటట. అంతేనట. వదిన ఒట్టు పెట్టి చెబుతోంది."

"ఒక్కటే పంపాడా? ఇదిగో, కళ్ళుంటే చూడు, తెర నిండా వాడి మెయిళ్ళే!" అని బాబాయి నా వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వు చెప్పు. ఇది నీ మెషీన్ వల్ల గాని కాదు కదా?"

ఆ క్షణాన్ని ఇప్పటికీ తల్చుకుంటాను. తెలీదు బాబాయ్, చూసి చెబుతాను అని ఉంటే సరిపోయేది. కాని దేశదేశాల్లో వెతికి ఎన్నుకోబడిన మనిషిని కదా! కాలు మీద కాలు వేసుకున్నాను.

"బాబాయ్, చేద తనంతట తాను ఉత్తరాలు పుట్టించదు. నూతిలో ఏముంటే అదే తోడుతుంది. అటు నుంచి పంపకుండా ఇటు రావడం సాంకేతికంగా అసంభవం."

సాంకేతికంగా అనే మాట అన్నప్పుడు బాబాయి తల ఊపాడు. ఇన్నాళ్ళకి ఆయన నన్ను గౌరవంగా చూసింది ఆ ఒక్కసారే.

"విన్నావా? పంపుతూనే ఉన్నాడు, పంపలేదంటున్నాడు. మనం వెళ్ళడం లేదు."

అప్పుడే ఫోను మోగింది. పిన్ని ఎత్తింది. అటు నుంచి బుజ్జి గొంతు నాకు కూడా వినిపించేంత గట్టిగా ఉంది. "అత్తా, ఆప్ నహీ ఆయీ తో మై అంగూఠీ నహీ పహనూంగీ. బస్, పాపా కో భీ బోల్ దియా." నువ్వు రాకపోతే నేను ఉంగరం తొడుక్కోను, నాన్నకీ చెప్పేశాను అని. పిన్ని ఫోను పెట్టేసింది. కొంగుతో రిసీవరు తుడిచింది, కళ్ళు తుడుచుకోవాల్సింది పోయి. తర్వాత బాల్కనీలో మళ్ళీ ఎండకేసిన పట్టుచీర తెచ్చి, మడతపెట్టి, బీరువా పై అరలో పెట్టేసింది.

నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. వెళ్తానంటే పిన్ని ఏడుపు ఆపుకుని వడ్డిస్తానంటుంది, బాబాయి ఇంకోసారి సాంకేతికంగా చెప్పమంటాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా గడప దాటి, లిఫ్టు కూడా ఎక్కకుండా మెట్లు దిగి పారిపోయాను.

బేర్ సరాయ్ చేరి, మెస్సులో చల్లబడిన రాజ్మా తిని, గదికి వెళ్తుంటే కింది వాటాలో ఇంటావిడ కిటికీలోంచి కేకేసింది. "అరే ఓ లడ్కే! తేరీ చాచీ కా ఫోన్!" వెళ్ళి ఎత్తాను.

"ఎక్కడున్నావురా?" అంది పిన్ని.

"గదికి వచ్చేశాను పిన్నీ."

"వచ్చేశావా! బాల్కనీలో ఉన్నావేమో, కిందకి వెళ్ళావేమో అనుకుంటూ నీకూ కంచం పెట్టాను. గుత్తివంకాయ చల్లారిపోతోందని మళ్ళీ వేడిచేసి మళ్ళీ వడ్డించాను. మీ బాబాయి కూడా తినకుండా కూర్చున్నాడు. వెళ్ళొస్తానని ఒక్క ముక్క చెప్పి వెళ్ళకూడదుట్రా? నువ్వు చెప్పకపోతే ఇంట్లోనే ఉన్నావనుకోనా?"

తప్పయింది పిన్నీ అని ఫోను పెట్టేసి రెండు మెట్లు ఎక్కాను. మూడో మెట్టు మీద కాలు ఆగిపోయింది.

నువ్వు చెప్పకపోతే. మళ్ళీ వడ్డించాను.

సర్వర్ కూడా అచ్చం పిన్ని లాంటిదే. మనం ఉత్తరాలన్నీ తీసుకుని, చివర్లో సెలవు చెబితేనే, సరే వీడికి అందాయి అనుకుని తన దగ్గరున్నవి పారేస్తుంది. సెలవు చెప్పకుండా మధ్యలో లైను తెగిపోయిందా, పాపం పిల్లాడికి అందలేదేమో అని అన్నీ అలాగే దాచి, మర్నాడు మళ్ళీ వడ్డిస్తుంది. తాత ఉన్నప్పుడు చేద వెంటనే సెలవు చెప్పేది. సెలవుని చివరికి నెట్టిన మహానుభావుణ్ణి నేను. ఉత్తరాలు తెర మీదికి రాగానే బాబాయి "వచ్చేశాయి" అంటాడు. అప్పటికి చేద ఇంకా నూతి దగ్గరే నిలబడి నా సంస్కరణ ప్రకారం సర్దుతూ ఉంటుంది. వంటింట్లో పిన్ని ఫోను ఎత్తుతుంది. తాడు తెగుతుంది. అంటే మొగుళ్ళని కలుపుదామని ఆడవాళ్ళిద్దరూ పొద్దున్నే ఎన్నిసార్లు మాట్లాడుకుంటే అన్నిసార్లు ఆ తగువు ఉత్తరాలు తిరిగి పుడుతున్నాయి! బేర్ సరాయ్ సైబర్ కెఫేలో ఇది నాకెందుకు కనిపించలేదంటే, అక్కడ పిన్ని లేదు.

మర్నాడు సాయంత్రం ద్వారక వెళ్ళాను. బాబాయి అప్పుడే బస్సు దిగి వచ్చి చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు. చెబితే నమ్మడని తెలుసు. నేనేగా సాంకేతికంగా అసంభవమని తీర్పు ఇచ్చింది.

"బాబాయ్, ఈ వేళకి మావయ్య ఎక్కడుంటారు?"

"ఎక్కడుంటాడు? ఘాజియాబాద్ లోకల్ రైల్లో కడ్డీ పట్టుకుని వేలాడుతుంటాడు. అండర్ సెక్రటరీ అయినా అంతే." చివరి మాటలో కొంచెం తృప్తి వినిపించింది.

"రైల్లోంచి మెయిలు పంపలేరు కదా?"

"ఎలా పంపుతాడు?"

"అయితే చూడు. పిన్నీ, వంటింట్లో నిలబడు. బాబాయి వచ్చేశాయి అనగానే ఫోను ఎత్తు."

మోడెం అరిచింది (నెమలి కూడా, నేను విన్నాను). తెర మీద ఉత్తరాలు దిగాయి, అన్నిటికీ చివర అదే. ఒంట్లో బాగుందా? బాబాయి నీరసంగా "వచ్చేశాయి" అన్నాడు. పిన్ని ఫోను ఎత్తింది. లైను తెగింది. మళ్ళీ కలిపాను. ఒంట్లో బాగుందా? మళ్ళీ తెంపాం. మళ్ళీ కలిపాను. ఒంట్లో బాగుందా? బాబాయి తెరకేసి చూస్తూ నెమ్మదిగా కుర్చీలోకి జారిపోయాడు. రైల్లో కడ్డీ పట్టుకుని వేలాడుతున్న మనిషి అన్నిసార్లు పలకరించడం సాంకేతికంగా అసంభవమని ఆయనకి నేను చెప్పక్కర్లేకపోయింది.

తెర మీది తేదీలు వేలితో ఒక్కొక్కటే సరిచూశాడు. తర్వాత, "వాడు నిజంగానే ఒకసారే అడిగాడన్నమాట" అన్నాడు. తర్వాత, "నేను వాణ్ణి తమరు అన్నాను" అన్నాడు. తర్వాత నా వైపు చూసి ఏదో అనబోయి, నాకు తగ్గ మాట దొరకక, లేచి వంటింట్లోకి వెళ్ళాడు. పిన్ని అప్పటికే అత్తయ్యతో మాట్లాడేస్తోంది. ఆవిడ చేతిలోంచి రిసీవరు తీసుకున్నాడు. నేను హాల్లో ఫోను ఎత్తి చెవికి ఆనించుకున్నాను (ఒకే లైనుకి రెండు ఫోన్లుంటే ఉన్న లాభం అదొక్కటే).

"అమ్మా, వాడు వచ్చాడా?" అన్నాడు బాబాయి.

"ఇప్పుడే గుమ్మంలోకి వచ్చారన్నయ్యా" అంది అత్తయ్య. చెప్పుల చప్పుడు వినిపించింది. రిసీవరు చేతులు మారింది.

"ఏరా" అన్నాడు బాబాయి.

"ఊఁ" అన్నారు మావయ్య.

"రైలు ఖాళీగా ఉందా?"

"ఎప్పుడుందిరా ఖాళీగా?"



"ఒంట్లో బాగానే ఉందిరా" అన్నాడు బాబాయి.

"అదేగా నేనడిగింది. ఇంతకీ ఆ తమరేమిటి? బుజ్జికి ఇంకా చెప్పలేదు, మీ అంకుల్ నన్ను తమరన్నాడని."

"మావాడు ఉన్నాడుగా, ఇంటర్నేషనల్ మెయింటైనరు."

"వాడేం చేశాడు?"

"నీ ఉత్తరం తెచ్చిపెట్టాడు."

"మంచిదేగా?"

"తెచ్చిపెడుతూనే ఉన్నాడు."

ఇద్దరిలో ముందు ఎవరు నవ్వారో తెలీలేదు. మావయ్యకి దగ్గు తెర వచ్చింది. బాబాయి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "శనివారం పొద్దున్నకే వస్తున్నాం. మళ్ళీ రిమైండరు పంపకు" అన్నాడు. బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

చేదని బాగుచెయ్యడానికి ఎక్కువసేపు పట్టలేదు, నా సంస్కరణ పీకెయ్యడమేగా. అంతటితో ఊరుకోలేదు. ఒక్కొక్క ఉత్తరం తీసుకోగానే సర్వర్‌కి వెళ్ళొస్తానని చెప్పి, నిజంగానే వెళ్ళి, మళ్ళీ వచ్చి రెండోది తీసుకునేలా మార్చాను. ఎక్కడ తాడు తెగినా మళ్ళీ వచ్చేది ఆ ఒక్క ఉత్తరమే అవుతుంది. ఎందుకిలా చేశానో తర్వాతవాళ్ళకి తెలియాలి కనుక పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న గుర్తు రాసిపెట్టాను, పిన్ని ఫోన్ ఎత్తింది అని. మర్యాదరావుకి కూడా క్షమాపణలతో జవాబు రాశాను. ఆయన నాకంటే ఎక్కువ క్షమాపణలతో తిరిగి రాశాడు. "మా ఇంట్లో మా అత్తగారు ఎత్తుతారు. నాకు మొదటి నుంచీ అనుమానమే. ఆవిణ్ణి అడగలేక మిమ్మల్ని అడిగాను."

నిశ్చితార్థం బ్రహ్మాండంగా జరిగింది. పిన్ని ఇస్త్రీ చేసిన పట్టుచీరలో బుజ్జి పక్కనే నిలబడి ఉంగరం తొడిగించింది. మావయ్య నన్ను పెళ్ళివారికి "మా ఉత్తరాలు తెచ్చే కుర్రాడు, ఒకటికి నాలుగు తెస్తాడు" అని పరిచయం చేశారు. సాయంత్రం బయల్దేరేటప్పుడు ముందు హాల్లో వెళ్ళొస్తామన్నాం, తర్వాత గుమ్మంలో, తర్వాత మెట్ల మీద. వీధిలో ఆటో ఎక్కాక అత్తయ్యకి పులిహోర డబ్బా ఇవ్వలేదని గుర్తొచ్చి అందరం దిగి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఆటోవాడు "భాయీసాబ్, జానా హై కి నహీ?" అని నన్ను అడిగాడు. వెళ్ళాలి, కాని సెలవు పూర్తవ్వాలన్నాను.

ఆ తర్వాత పరీక్షా నేనూ ఒకరినొకరం వదులుకున్నాం. ఇప్పుడు నోయిడాలో ఒక ఆఫీసులో, మెడనొప్పితో, నాకంటే చిన్నవాళ్ళ మీటింగుల్లో తల ఊపుతూ ఉంటాను. చేదని ఎప్పుడో వేరేవాళ్ళకి అప్పగించేశాను. మొన్నీమధ్య, ఇప్పుడు దాన్ని చూసుకుంటున్న అమ్మాయి, ఏదో చలిదేశం పిల్ల, నా పాత చిరునామా వెతికి పట్టుకుని రాసింది. "ఏ మార్పు చేసినా విడుదలకి ముందు మేమంతా పిన్ని పరీక్ష చేస్తాం. కావాలని మధ్యలో లైను తెంపి చూస్తాం. మీ కాలం నుంచీ వస్తున్న పద్ధతట. పిన్ని అన్నది ఏ సాంకేతిక పదాలకి పొడి అక్షరాలో మాలో ఎవరికీ తెలియదు. చెప్పగలరా?" అని.

ద్వారకకి ఫోను చేశాను. బాబాయి రిటైరయ్యాడు, వాళ్ళు ఆ ఫ్లాటులోనే ఉన్నారు. వంటింట్లో ఫోను ఇప్పుడు లేదు, పిన్ని మెళ్ళో మొబైలు వేలాడుతూ ఉంటుంది.

"పిన్నీ, నీ పేరుమీద ప్రపంచంలో ఒక పరీక్ష జరుగుతోంది తెలుసా?"

"నిజంగానా?" అంది. "నువ్వు పాసయ్యావుట్రా?"

"ఆ ఒక్కటీ పాసయ్యాను పిన్నీ."

"పోన్లే, ఒకటైనా అయింది. సరే, ఉంటాను మరి" అని, సొసైటీలో కొత్త లిఫ్టు సంగతి మొదలుపెట్టింది. అది అయ్యాక ఉంటానురా అని, బుజ్జి కొడుకు తెలుగులో "పాలు" అన్నాడని చెప్పింది. రేకుల గదిలో ఉన్న ఆ కుర్రాడైతే ఈపాటికి లైను తెంపి, నా దగ్గర బాగానే ఉంది అనేవాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సరే, ఉంటాను మరి" అంది పిన్ని. "అన్నట్టు, ఒరేయ్..."